నూతిది నూతికే

మా పెదనాన్న మొహం కడుక్కుంటే ఆ నీళ్లు నాలుగు జన్మలెత్తేవి. మొహం మీంచి జారినవి ఇత్తడి పళ్లెంలో పడేవి. వాటితో కాళ్లు కడుక్కునేవాడు. కాళ్లు కడిగిన నీళ్లతో సైకిలు తుడిచేవాడు. సైకిలు తుడిచిన నీళ్లు అరటిచెట్టు మొదట్లో పోసి, అది సరిగ్గా తాగిందా లేదా అని కాసేపు నిలబడి చూసేవాడు. ఆ చెట్టు గెల వేస్తే పళ్లకి సైకిలు చైను రుచి ఉండేదని నేను ఖరగ్‌పూర్ అంతా చెప్పి తిరిగాను. నిజానికి ఉండేది కాదు. అంత తియ్యటి అరటిపండు మళ్లీ తినలేదు.

ఖరగ్‌పూర్‌లో మా పేట ఝపటాపూర్. అక్కడ ఎండాకాలం ఎలా ఉండేదో ఉన్నదున్నట్టు చెబితే నమ్మరు కనుక కొంచెం పెంచే చెబుతాను. కింద ఎర్ర మొరం, పైన తెల్ల ఎండ. కాకులు రైల్వే పాసు రాయించుకుని పిల్లాపాపలతో సముద్రం వైపు వెళ్లిపోయేవి. రైల్వే క్వార్టర్లలో ఉన్నవాళ్లకి వేళకింత కుళాయి నీళ్లొచ్చేవి. క్వార్టరు దొరకని మాబోటివాళ్లు బయట జాగా కొనుక్కుని, గోడలు లేపుకుని, నీళ్ల కోసం నేలకేసి చూసేవాళ్లు. ఆ మొరం విచిత్రమైన మట్టి. తవ్వబోతే గడ్డపార నిప్పులు కక్కేంత గట్టి. పెళ్ల తీసి చేతిలో పెట్టుకుని చూస్తే మాత్రం తేనెపట్టులా ఒళ్లంతా చిల్లులు. నీళ్లు పోస్తే సర్రున లోపలికి పోతాయి. నేల తాగేసింది అనేవాళ్లం. తాగేసిన తరవాత నేల వాటిని ఏం చేస్తుందో మాలో ఎవ్వరం ఆలోచించలేదు.

పెదనాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. బొబ్బిలి వైపు నుంచి తాతల నాడు వచ్చి రైలింజన్ల మధ్య పాతుకుపోయిన కుటుంబం మాది. నాకు అదే వర్క్‌షాపు టైమాఫీసులో గుమాస్తా పని దొరికాక ఆయన ఇంట్లోనే ఉండేవాణ్ని. అప్పటికే పెరట్లో నుయ్యి ఉంది. అది ఎందుకు తవ్వాడో ముందు చెప్పాలి. తరవాత మేమంతా ఏడ్చింది దాని గురించే.

మాలో బాలింత ఇరవై ఒకటో రోజున నూతిలో చేద వేస్తుంది. నూతి గట్టుకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, ముత్తయిదువులకి నానిన శనగలు పంచి, చేద తోడి, ఆ నీళ్ల బిందె వంటింట్లోకి తెస్తుంది. ఆ నీళ్లతో ఎసరు పెడితేనే పురుడు తీరినట్టు. మా అక్క, అంటే పెదనాన్నకి ఒక్కగానొక్క కూతురు, పుట్టిన నాటికి వాళ్లకి నుయ్యి లేదు. పల్లం వైపు నాలుగిళ్ల అవతల ఒక రైలు గార్డుగారింట్లో ఉంది. పెద్దమ్మ పసుపూ కుంకుమా పట్టుకుని అక్కడికి వెళ్లింది. గార్డుగారి భార్య, ఊరంతా గార్డుగారమ్మ అని పిలిచే ఆవిడ, గుమ్మంలోంచి చూస్తూ ఒకటే మాట అందట:

"ఒక్క సేదే తోడు. రెండోది ఒద్దు. మా నుయ్యి మాకే సాలదు."

పెద్దమ్మ సగం బిందెతో ఇంటికొచ్చింది. పెదనాన్న ఆ సగం బిందె చూశాడు. "నా గుంట తల్లైననాడు నా నూతిలోనే సేద ఏస్తాది" అన్నాడు. అని, మరునాటి నుంచి షిఫ్టు దిగి రావడం, గడ్డపార పట్టుకోవడం. ఎన్నాళ్లు తవ్వాడంటే, చివరికి పాతాళంలో నాగులు తలుపు తీసి "మా వంటింట్లోకి వచ్చీసినావు బాబూ, ఇంకాపు" అని బతిమాలి నీళ్లు వదిలాయని పెద్దమ్మ చెప్పేది.

ఏం నీళ్లవి! కందిపప్పు రెండు పొంగులకే వెన్నలా ఉడికేది. గిన్నెలో పప్పు పోసి నూతివైపు చూపిస్తే చాలు, ఉడుకుతుందని నేను పందెం కాసేవాణ్ని. సబ్బు ఇలా రాస్తే అలా నురగ. ఆ నురగే మా కొంప ముంచింది.

వర్క్‌షాపు వాళ్ల బట్టల సంగతి మీకు తెలియదు. వారమంతా గ్రీజులో, నల్లనూనెలో నానిన బాయిలర్ సూటు శనివారానికి మనిషి అవసరం లేకుండా దానంతటది నిలబడుతుంది. ముందు కిరసనాయిలు పోసి రుద్దాలి. తరవాత సోడాకారం వేసి డ్రమ్ములో ఉడకబెట్టాలి. కుళాయి నీళ్లకి ఆ జిడ్డు నవ్వేది. మా నూతినీళ్లకైతే లొంగేది. అందుకని ఆదివారం తెల్లవారేసరికి పెదనాన్న స్నేహితులు మూటలు భుజాన వేసుకుని మా పెరట్లో దిగేవాళ్లు. పెదనాన్న ఎవర్నీ కాదనేవాడు కాదు. ఒక్క చేదే అని ఎవరితోనూ అనకూడదని ఆయన పంతం.

మొదట్లో ఆ నల్లటి నీళ్లు గోడ కింది తూములోంచి వీధి కాలువలో పడి, ఊరవతలికి పోయేవి. పెదనాన్న ఆ తూము దగ్గర నిలబడి, రైలెక్కి వెళ్లిపోతున్న కొడుకుల్ని చూస్తున్నట్టు చూసేవాడు.

"ఇన్నేసి నీళ్లు ఈదిపాలైపోతన్నాయిరా! కష్టపడి పైకి లాగినాం. నూతిది నూతికే పోవాల."

అని, తూము మూసేసి, నూతికి నాలుగంగల దూరంలో ఒక గొయ్యి తవ్వాడు. అడుగున ఇటుక ముక్కలు, పైన లోకోషెడ్డు నుంచి తెచ్చిన బొగ్గు చిట్టెం, ఆ పైన ఇసుక. ఇంజన్లో పోసే నీళ్లని కూడా ఇలాగే వడగడతారని మాకు చెప్పాడు. మాకు నమ్మకం కుదరడానికి, అడుగున చిల్లులు పొడిచిన నేతిడబ్బాలో అవే పొరలు పేర్చి, కాటుక లాంటి ఉతుకునీళ్లు పైనుంచి పోశాడు. కింద నుంచి తేటగా, కొబ్బరినీళ్లలా దిగాయి. పెరట్లో ఉన్న ఫిట్టర్లంతా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నలుపు పోయింది కదా, ఇంకేం కావాలి? కంటికి కనపడనిది ఇంకా ఏమైనా మిగిలి దిగిందేమోనని ఎవరూ ముక్కు పెట్టి చూడలేదు.

ఆ వచ్చిన వేసవిలో నూతిలో నీళ్లు మునుపటికంటే జానెడు ఎత్తున నిలిచాయి. ఇంక ఆయన్ని పట్టుకోవడం ఎవరితరం? దారిన పోయే రిక్షావాణ్ని కూడా ఆపి గొయ్యి చూపించేవాడు. రిక్షావాడు "ఠీక్ హై దాదా" అని పారిపోతే, ఆ రెండు మాటలే పెద్ద ఇంజనీరు యోగ్యతాపత్రం ఇచ్చినట్టు వారం చెప్పుకునేవాడు.

గొయ్యికి రెండో వేసవి వచ్చేసరికి అక్క ఏడో నెలతో పుట్టింటికి వచ్చింది. పెద్దమ్మ అప్పటికే కొత్త కొబ్బరితాడు పేనించి, దండెం మీద వేలాడదీసి, ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదు. చేద వేయడానికి అది. ఇంకా పుట్టని బిడ్డకి లాగులూ గౌన్లూ కుట్టేవాళ్లుంటారు. మా ఇంట్లో తాడు పేనారు.

అక్క వచ్చిన పూటే గ్లాసు నోటిదాకా తెచ్చి దించేసింది.

"అమ్మా, ఈ నీళ్లేటే కిర్సనాయిలు కంపు కొడతన్నాయి?"

పెద్దమ్మ నవ్వింది. "కడుపుతో ఉన్నోళ్లకి ముక్కు మూరెడు పెరుగుతాదిలే. నువ్వు నా కడుపులో ఉన్నప్పుడు నాకు మీ నాన్నే కంపు కొట్టీవోడు."

"ఇప్పుడు కొట్టడేటి?" అన్నాను నేను.

"ఇప్పుడు అలవాటైపోనాది."

అందరం నవ్వాం. పెదనాన్న కూడా నవ్వాడు. తరవాత ఎన్నోసార్లు ఆ మాట నాకు గుర్తొచ్చింది. కొంచెం కొంచెంగా వచ్చే కంపు కొంచెం కొంచెంగా అలవాటైపోతుంది. బయటినుంచి వచ్చిన మనిషికే అది తెలుస్తుంది.

అక్క ఆ నీళ్లు తాగనంది. పూరీ గేట్ దగ్గర క్వార్టరులో నా స్నేహితుడొకడు ఉండేవాడు. వాడి కుళాయి దగ్గర బిందె నింపి నేను రోజూ సైకిలు మీద తెచ్చేవాణ్ని. అది చూసిన ప్రతిసారీ పెదనాన్న మొహం కమిలిపోయేది.

"పెద్ద రాణీగారొచ్చినారు. ఈవిడికోసరమే తవ్వినాను. ఈవిడే తాగదు."

"నాను తాగితే నాన్నా, లోపలున్నోడు తంతన్నాడు" అనేది అక్క, నవ్వు తెచ్చుకుని.

మొదటి వాన పడిన మర్నాడు చేద తోడి చూస్తే నీళ్ల మీద ఇంద్రధనుస్సు. సన్నటి పొర. వేలు పెడితే ముక్కలై మళ్లీ కలుసుకుంటోంది. ఆ రంగుల్ని వర్క్‌షాపు నేల మీద రోజూ తొక్కుతూ బతికిన మనిషి పెదనాన్న. ఆయనకి తెలియకుండా ఉంటుందా? చేద పట్టుకుని సరాసరి పక్కింటి గోడ దగ్గరికి నడిచాడు. పక్కింట్లో బెంగాలీ దర్జీ ఉండేవాడు.

"దాదా! లాంతర్లు కడిగి నా నూతికేసి పోస్తన్నావేటి?"

ఆయన టేపు మెడలో వేసుకుని బయటికొచ్చాడు. "ఆమార్ లాంతర్ కోథాయ్, దాదా?" నా దగ్గర లాంతరెక్కడిదంటూ, గుమ్మంలోంచి లోపలికి చెయ్యి చాపి స్విచ్చి నొక్కాడు. పట్టపగలు బల్బు వెలిగింది. కరెంటు వచ్చి ఆరునెలలైందట. ఆ వీధిలో బల్బు ఉన్న ఇల్లు అదొక్కటే. తప్పు మోపడానికి వెళ్లి, ఆయన బల్బుని మెచ్చుకుని, టీ తాగి వచ్చాడు పెదనాన్న.

తరవాత నూతికి వైద్యం మొదలైంది. పటిక వేశాడు. సున్నం వేశాడు. కొబ్బరిచిప్పల బొగ్గు మూట కట్టి దింపాడు. ఫిట్టర్లందర్నీ పిలిచి, నీళ్లన్నీ తోడించి, లోపలికి దిగి, రాయి రాయీ రుద్ది పైకొచ్చాడు. మూడు పూటలు తేటగా ఉండి, మళ్లీ పొర కట్టింది. దెయ్యాన్ని వదిలించడానికైనా అంత తంతు ఉండదు.

ఒకనాడు నూతి గట్టు మీద కూర్చున్న అక్క మెల్లిగా అంది. "నాన్నా, ఏటనుకోకు. ఆదివారం అయినాక సోమారం, మంగళారం కంపు ఎక్కువొస్తంది. మళ్లీ శనివారానికి తగ్గతంది."

"అయితే?"

"ఆ గొయ్యి..."

పెదనాన్న లేచి నిలబడ్డాడు. కూతుర్ని ఒక్క మాట అనని మనిషి. "నా గొయ్యి? నీరు దాసిపెట్టే గొయ్యి? చిట్టెం, ఇసుక, ఇటుక, ఇన్ని దాటుకుని దిగే నీటికి మైలుంటాదేటి? బూమి తల్లి కడుపులో పడినాక ఇంకా మైలేటే?"

అక్క గట్టు దిగి లోపలికి వెళ్లిపోయింది. ఆయనే ఊరుకోలేకపోయాడు. హోలీకి మిగిలిన పక్కారంగు పొట్లాలు తీశాడు. ఎర్రది. ఆ రంగు చొక్కాకి అంటితే చొక్కా చిరుగుతుంది కానీ రంగు పోదు. పొట్లాలన్నీ గొయ్యిలో గుమ్మరించి, పైన నీళ్లు కొట్టాడు.

"గొయ్యి నీళ్లే నూతిలోకి దిగతన్నాయంటే రంగు రావాల కదేటి? వొస్తే నా మీసం తీయించీస్తాను."

ఆ వారంలోనే అక్కకి ఆడపిల్ల పుట్టింది. వానలు ఊపందుకున్నాయి. పెదనాన్న పొద్దున్నే మనవరాల్ని చూసేవాడు. వెంటనే వెళ్లి నూతిలోకి చూసేవాడు. లోపల ఎప్పటిలా నల్లటి నీళ్లు, అందులో ఆయన మీసం. "సూసినావా? వొచ్చినాదా రంగు?" అని పురిటిగది కిటికీలోంచి అక్కని అడిగేవాడు. అక్క పిల్ల వైపు తిరిగి పడుకునేది. బిందె మాత్రం నేను పూరీ గేట్ నుంచి మోస్తూనే ఉన్నాను. చేద వేసే రోజు దగ్గరపడుతోంది. ఆ నీళ్లతో ఎసరు పెట్టేది ఎలాగ? పెద్దమ్మ దండెం మీది తాడు వైపు, నూతి వైపు చూసి, లోపలికి వెళ్లి కళ్లొత్తుకునేది.

అలాంటి ఒక ఉదయం పల్లం వైపు నుంచి శంఖాలు వినిపించాయి. మేమూ వెళ్లాం. గార్డుగారింటి పెరడు తిరునాళ్లలా ఉంది. గార్డుగారు పోయి చాలా ఏళ్లైంది. గార్డుగారమ్మ ఒక్కర్తే ఉంటోంది. నూతిలోంచి తోడిన చేద ముందు కూర్చుని ఉంది. చేదలో నీళ్లు ఎర్రగా, కుంకుమ కలిపినట్టు. కొబ్బరికాయలు అప్పటికే పగిలాయి. మన తెలుగు ఆడవాళ్లు అమ్మవారు వెలిసిందంటున్నారు. బెంగాలీ ఆడవాళ్లు అంబుబాచి అంటున్నారు. ఆషాఢంలో భూమి బహిష్టు అవుతుందని, ఆ మూడు రోజులూ నేలని తవ్వరాదని వాళ్ల నమ్మకం. ఇద్దరి మాటా చెల్లుబాటయ్యేలా పసుపూ పడుతోంది, శంఖమూ మోగుతోంది.

"వొరే ఫిట్టరూ!" గార్డుగారమ్మ మొహం వెలిగిపోతోంది. "ఇన్నేళ్ల పూజకి నా నూతిలో అమ్మోరు ఎలిసినాది సూడరా!"

పెదనాన్న చేద మీదికి వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు. ఆయన పక్కన నిలబడ్డ నాకూ తగిలింది, కిరసనాయిలు వాసన.

"అమ్మా," అన్నాడు, "మీకు వాసన తగల్లేదా?"

"వాసనేటిరా? పసుపు వాసన."

ఆవిడ నలభై ఏళ్లుగా నశ్యం పీలుస్తోంది. ఇంజను వచ్చి ముక్కు ముందు పొగ వదిలినా ఆవిడకి తెలియదు. కొన్ని నెలలుగా అన్నం సయించకపోయినా, కడుపులో మండినా, తప్పంతా వంకాయ కూర మీదికి నెట్టేసింది.

"అమ్మోరు కాదు తల్లీ," అన్నాడు పెదనాన్న. "నానే."

"నువ్వు అమ్మోరివేటిరా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన మాత్రం గొయ్యి సంగతి, రంగు సంగతి, ఆదివారాల సంగతి అంతా, శంఖాలు ఆగిపోయిన ఆ పెరట్లో నిలబడి చెప్పాడు. చెబుతున్నంతసేపూ చేదలోని నీళ్లకేసే చూశాడు. నా జన్మలో అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడగా వినలేదు.

గార్డుగారమ్మ చేదని పక్కకి జరిపింది. తరవాత అంది, "ఆనాడు నీ పెళ్లాన్ని ఒక్క సేదే అన్నాను. ఇన్నేళ్లు మనసులో పెట్టుకున్నావేటిరా?"

"అమ్మా! ఒట్టు! నా నుయ్యీ పాడైపోనాదమ్మా!"

"నీ నుయ్యి నువ్వు పాడు సేసుకున్నావు. నాదేటి సేసినాది?"

పైన మాకు గోడలున్నాయి, గుమ్మాలున్నాయి, గార్డు ఇల్లు, ఫిట్టరు ఇల్లు అని తేడాలున్నాయి. కింద నీళ్లకి అవేమీ తెలియవు. పల్లం ఎటుంటే అటు నడుస్తాయి. తేనెపట్టు లాంటి ఆ మొరంలోంచి, మేము పారబోసిందంతా మోసుకుని, మెల్లిగా, చప్పుడు చేయకుండా. వీధి కాలువలోనైతే కంటికి కనపడుతూ పోయేది. గొయ్యిలో పోశాక కంటికి దూరమైంది, అంతే.

ఇంటికొచ్చి, పెద్దమ్మ పెళ్లినాటి తెల్ల పింగాణీ పళ్లెం తెమ్మన్నాడు. నూతిలోకి తొంగి చూస్తే నలుపులో నలుపుగా కలిసిపోయిన రంగు, పళ్లెంలో పోసేసరికి లేత గులాబీగా తేలింది. ఆ పళ్లెం పురిటిగది గుమ్మంలో పెట్టి, అక్కకేసి చూడకుండా వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం మీసం తీయించుకుని వచ్చాడు.

అక్క చేద వేసింది పూరీ గేట్‌లో, నా స్నేహితుడి క్వార్టరు ముందు కుళాయి దగ్గర. కుళాయికి పసుపు రాశారు. కుంకుమ పెట్టబోతే జారిపోయింది. శనగలు పంచేసి, నీళ్లొచ్చే వేళ కోసం ముత్తయిదువులంతా మెట్ల మీద కూర్చున్నారు. పిల్ల ఏడుస్తోంది. కుళాయి ముందు బుస్సుమంది, తరవాత దగ్గింది, ఆ తరవాత నీళ్లు కక్కింది. పెద్దమ్మ పేనించిన కొత్త తాడు చేదకి కట్టి ఉంది. దింపడానికి లోతు లేదు. అక్క చేదని కుళాయి కింద పెట్టి, తాడు కొస పట్టుకుని నిలబడింది. మిగిలిన తాడంతా ఆమె కాళ్ల దగ్గర చుట్టలుగా పడి తడిసింది.

"లాగీ తల్లీ," అంది పెద్దమ్మ. "ఓసారి లాగినట్టు సెయ్యి."

అక్క లాగినట్టు చేసింది. అది చూడలేక నేను పక్కకి తిరిగాను.

పెదనాన్న రాలేదు. ఆ వేళకి ఆయన గొయ్యి తవ్వి తీస్తున్నాడు. చిట్టెం, ఇసుక, ఇటుక, వాటి కింద జిడ్డు పట్టి నల్లబడిన మొరం, వాసన ఆగేదాకా తవ్వుదామని. గట్టి నేల తగిలిన చోట ఆపక తప్పలేదు. తీసినదంతా ఎద్దుబండికి ఎత్తించి, ఊరవతల పారబోద్దామని బయల్దేరాడు. నేనూ వెంట వెళ్లాను. ఒక చోట బండి ఆపించాడు. అవతల వరిచేలు. ముందుకి పోనిమ్మన్నాడు. ఇంకోచోట పల్లం ఉంది కానీ, ఆ పల్లంలో నీళ్లు ఎటు పోతాయని బండివాణ్ని అడిగాడు. "నాకేటి తెలుసు బాబూ, నేల తాగీస్తాది" అన్నాడు వాడు. పెదనాన్న వాడి మొహం చూసి, బండి తిప్పమన్నాడు. ఎక్కడ పొయ్యబోయినా దాని కింద ఎవరిదో నుయ్యి ఉంటుంది. ఉన్నదో లేదో మనకి తెలియదు, అంతే తేడా. అంత మట్టీ మళ్లీ మా పెరట్లోకే వచ్చింది. వేలంలో పాత తారుడ్రమ్ములు కొని, మట్టి వాటిలో కూరి, మూతలు బిగించి, గోడ పక్కన వరసగా నిలబెట్టాడు. కింద ఇటుకలు పేర్చి మరీ.

ఆదివారాలు ఆగిపోయాయి. సైకిలు హ్యాండిలుకి చెరోవైపు బిందె కట్టుకుని రోజూ పూరీ గేట్ నుంచి పెదనాన్న నీళ్లు మోసేవాడు. మొదటి మజిలీ గార్డుగారమ్మ గుమ్మం. ఆవిడ చాలా నెలలు మాట్లాడలేదు. నీళ్లు తీసుకునేది, తలుపేసేది. తరవాతెప్పుడో ఒక వేసవిలో ఆయన రెండు బిందెలూ దింపబోతే, గుమ్మంలోంచే అంది:

"ఒక్కటి సాలురా. రెండోది నీ పెళ్లానికి పట్టుకెళ్లు."

ఆ రోజు ఆయన ఇంటికి వచ్చి, బిందె దింపకుండా, సైకిలు పట్టుకుని చాలాసేపు వీధిలోనే నిలబడిపోయాడు. ఆవిడ పోయేదాకా నీళ్లు మోశాడు.

ఒక్క చుక్క వృథా చేయని మనిషి, ప్రతి వానాకాలం తరవాత రెండు నూతుల్నీ తోడి తోడి, పీపాల్లో పోసి, బండి మీద వర్క్‌షాపులో వాడేసిన నూనె పోసే తొట్టిదాకా మోయించి పారబోసేవాడు. పిచ్చి పట్టిందన్నారు. రంగు ఆ ఏటి వానలకే పోయింది. వాసన పోలేదు. తోడిన ప్రతిసారీ పింగాణీ పళ్లెంలో పోసి, ముక్కు పెట్టి, తల అడ్డంగా ఊపేవాడు. అక్కకి రెండో కాన్పప్పుడూ అలాగే ఊపాడు. మళ్లీ పూరీ గేట్ కుళాయే. మూడోది అత్తవారింట్లోనే చేసుకుంటానంది అక్క, ఆయన్ని ఇంకోసారి ఆ పళ్లెం పట్టుకుని నిలబెట్టడం ఇష్టం లేక.

మొన్న మాఘంలో పెదనాన్న పోయాడు. కర్మలయ్యాక అక్క పెరట్లోకి వెళ్లింది. నేనూ, పెద్దమ్మా, అక్క పెద్దకూతురూ వెనకాల ఉన్నాం. ఆనాటి పసిగుడ్డు ఇప్పుడు పెళ్లీడుకొచ్చింది. కుళాయి దగ్గర తడిసిన ఆ తాడు ఇంకా దండెం మీదే ఉంది, బిరుసెక్కి. అక్క దాన్ని దించి, చేదకి ముడి వేసి, నూతిలోకి వదిలింది. తాడు చేతుల్లోంచి జారుతుంటే దాని చప్పుడు విన్నాం. అన్నేళ్లకి ఆ తాడు తన లోతు చూసింది. నీళ్లు పైకి లాగి, పింగాణీ పళ్లెంలో పోసింది. తేటగా ఉన్నాయి. అడుగున పళ్లెం మీది పువ్వు కనిపించింది.

అక్క వంగి వాసన చూసింది. పళ్లెం కూతురి ముందు పెట్టింది. ఆ పిల్ల చూసి, తల్లి మొహంలోకి చూసింది.

"ఉన్నాదేటే ఇంకా?" పెద్దమ్మ అడిగింది.

"కొద్దిగానే అమ్మమ్మా. బాగా పట్టి పట్టి చూస్తే గానీ తెలీదు."

అక్క పళ్లెం రెండు చేతులా ఎత్తింది. పెరడంతా ఒకసారి చుట్టూ చూసింది. అరటిచెట్టు ఉంది, తూము ఉంది, వీధి ఉంది. ఎక్కడా పొయ్యలేదు. అడుగులో అడుగు వేసుకుంటూ గోడ పక్కన డ్రమ్ముల దగ్గరికి నడిచి, ఒకదాని మూత నన్ను తియ్యమని, నీళ్లు అందులో వంచింది. కింద ఒక్క చుక్క పడనివ్వలేదు.